మున్సిపల్ మడిగెలు కూల్చే ముందు తేలాల్సిన లెక్కలు

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల... ఏ ఊరికి పోయినా బస్టాండ్ ఎదురుగానో, పాత కూరగాయల మార్కెట్‌ను ఆనుకునో ఒక వరుస మున్సిపల్ మడిగెలు (మున్సిపాలిటీ కిరాయికిచ్చే దుకాణాలు) ఉంటాయి. పదడుగుల షట్టర్, పదిహేనడుగుల లోతు, ముందు నాలుగడుగుల అరుగు, దాని మీదికి దించిన రేకుల పందిరి. లోపల తలెత్తి చూస్తే స్లాబు పెచ్చులూడి చువ్వలు కనిపిస్తాయి. చాలావాటి వయసు ముప్పై నలభై ఏళ్లు. కూల్చి కొత్త కాంప్లెక్స్ కట్టాలనే మాట ప్రతి పాలకవర్గంలోనూ వస్తుంది. నమూనా బొమ్మతో ఫ్లెక్సీ పడుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏమీ కదలదు, లేదా కట్టేస్తారు గానీ పై అంతస్తులు తాళాలతో మిగిలిపోతాయి.

ఇలా ఎందుకవుతుందంటే చర్చంతా భవనం చుట్టూనే తిరుగుతుంది. దుకాణదారు బతుకు మాత్రం భవనం మీద లేదు, రోడ్డు వైపు ఉన్న ఆ పదడుగుల ముఖం మీద ఉంది. కొత్త కాంప్లెక్స్‌లో రోడ్డు ముఖం ఎన్ని అడుగులు మిగులుతుంది, అది ఎవరికి దక్కుతుంది అన్న రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు లేకుండా గునపం పడితే, మిగతా పని ఎంత బాగా చేసినా గొడవ తప్పదు.

ఊరి చివర ఉన్నవి నడిబొడ్డుకు ఎలా వచ్చాయి

నిజాం రాజ్యంలో 1339 ఫసలీలో, అంటే 1930లో, హైదరాబాద్ వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. ధాన్యం, పల్లీ, ఆముదం వంటి సరుకు కొనుగోళ్లు గంజ్ (మార్కెట్ యార్డు) గోడల లోపలికి పోయాయి. చిల్లర బేరం బజారులోనే ఉండిపోయింది. నల్లగొండలో క్లాక్ టవర్, ప్రకాశం బజార్ చుట్టుపక్కల, పాలమూరులో గడియారం చౌరస్తా చుట్టుపక్కల ఇప్పటికీ కనిపించే ఇరుకు గల్లీల దుకాణాలు ఆ కోవలోవే. వాటిలో ఎక్కువ భాగం ప్రైవేటు ఆస్తులు.

మున్సిపల్ మడిగెల కథ వేరు. ఆర్టీసీ బస్టాండ్లకు పెద్ద జాగ కావాలి కాబట్టి అవి ఊరి అంచుకు పోయాయి. పల్లెల నుంచి వచ్చేవాళ్లు అక్కడే దిగి అక్కడే ఎక్కుతారు కాబట్టి గిరాకీ కూడా అక్కడికి జరిగింది. కేంద్రం 1979-80లో చిన్న, మధ్య తరహా పట్టణాల సమగ్రాభివృద్ధి పథకం తెచ్చింది. దాని డబ్బుతో దేశమంతటా పట్టణాల్లో మార్కెట్లు, దుకాణ సముదాయాలు, బస్టాండ్లు లేచాయి. కిరాయి వస్తుంది కాబట్టి పెట్టిన సొమ్ము తిరిగొస్తుందన్నది ఆ లెక్క. 2005లో ఆ పథకం మరో పథకంలో కలిసిపోయింది. కట్టిన మడిగెలు మాత్రం మున్సిపాలిటీకి నెలనెలా కిరాయి తెచ్చే ఆస్తిగా మిగిలాయి.

ఇప్పుడు ఊరు మళ్లీ జరుగుతోంది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక కొత్త కలెక్టరేట్లు ఊరి బయట లేచాయి. వనపర్తిది 2022 మార్చిలో, మహబూబ్‌నగర్‌లో పాలకొండ దగ్గరిది అదే ఏడాది డిసెంబరులో, నాగర్‌కర్నూల్, గద్వాల కలెక్టరేట్లు 2023 జూన్‌లో మొదలయ్యాయి. ఆఫీసు పని మీద వచ్చిన మనిషి ఇదివరకు పనయ్యాక బజారులో తిరిగేవాడు. ఇప్పుడు బైపాస్ మీదే దిగి అక్కడి నుంచే బస్సెక్కుతున్నాడు. బట్టల షోరూములు, సూపర్‌మార్కెట్లు కూడా పార్కింగ్ దొరికే శివారు రోడ్లనే ఎంచుకుంటున్నాయి. పాత మడిగెల పునర్నిర్మాణాన్ని ఈ పోటీని కళ్లముందు పెట్టుకుని ఆలోచించాలి. షోరూముకు పోయే గిరాకీ కోసం గాజు తలుపులు పెట్టి ప్రయోజనం లేదు. బస్సు దిగి ఇరవై నిమిషాల్లో చెప్పులు, విత్తనాలు, మందులు కొనుక్కుని పోయే మనిషే ఈ మడిగెలకు ఆధారం.

కూల్చాలా, బాగుచేయాలా

శిథిల భవనం అని బోర్డు పెట్టడానికి కంటిచూపు సరిపోదు. స్లాబు పెచ్చులూడటం, కాలమ్ బలహీనపడటం వేర్వేరు రోగాలు. కాంక్రీటులోని క్షారగుణం చువ్వకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు, తేమ కలిసి ఏళ్ల మీద ఆ గుణాన్ని పైపొర నుంచి లోపలికి హరిస్తాయి. అది చువ్వ దాకా చేరగానే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ జాగ తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటును తోసేసి పెచ్చు రాలుస్తుంది. పాత స్లాబుల్లో చువ్వ కింద కవర్ (చువ్వను కప్పే కాంక్రీటు పొర) 15 మి.మీ. కూడా లేని చోట్లు మామూలే. దానికి తోడు పైన నీళ్ల ట్యాంకులు, ఫ్లెక్సీ ఫ్రేముల కోసం స్లాబులోకి దింపిన బోల్టులు, చెత్తతో మూసుకుపోయిన వాననీటి గొట్టాలు. నీళ్లు నిలిచిన చోటే ముందు ఊడుతుంది.

నల్లగొండ నీళ్లంటే ఎవరికైనా ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. స్లాబులో ఇనుముకు ముప్పు తెచ్చేది ముఖ్యంగా క్లోరైడ్. ఆర్‌సీసీ (చువ్వలతో పోసే కాంక్రీటు) కలిపే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. ఉప్పుబోరు నీళ్లతో కలిపిన పాత కాంక్రీటు ఉంటే దాన్ని అనుమానించాల్సిందే. కొత్త పనిలో కూడా బోరు నీళ్ల పరీక్ష రిపోర్టు లేకుండా మొదటి ఫుటింగ్ (పునాది కాంక్రీటు) పోయనివ్వకూడదు.

పరీక్షలు నాలుగు చాలు. కాంక్రీటు లోపలికి శబ్ద తరంగం పంపి వేగం కొలవడం మొదటిది: సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటితే శ్రేష్ఠం, 3.5 నుంచి 4.5 బాగున్నట్టు, 3.5 కంటే తక్కువైతే అనుమానించాలి. రెండోది ఫినాఫ్తలీన్ ద్రావణం. అప్పుడే పగలగొట్టిన ముక్క మీద చల్లితే గులాబీ రంగు వచ్చినంత మేర కాంక్రీటుకు క్షారగుణం ఉన్నట్టు. రంగు రాని పొర చువ్వను దాటి లోపలికి పోయిందంటే పైపూతలతో ఆగదు. మూడోది హాఫ్‌సెల్ పరీక్ష. రాగి ఎలక్ట్రోడ్‌తో తీసిన రీడింగ్ మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి పోతే అక్కడ తుప్పు నడుస్తోందని దాదాపు ఖాయం. నాలుగోది కోర్ తీయడం, అంటే కాంక్రీటులోంచి గుండ్రటి ముక్క కోసి బలం పరీక్షించడం. కనీసం మూడు కోర్‌ల సగటు బలం నిర్దేశిత బలంలో 85 శాతం ఉండాలి, విడిగా ఏదీ 75 శాతానికి తగ్గకూడదు. ఇక్కడ ఒక తప్పు తరచూ జరుగుతుంది. 2000 సంవత్సరపు ఐఎస్ 456 ఆర్‌సీసీకి కనీసం ఎం20 గ్రేడు (ఎం పక్కన అంకె కాంక్రీటు బలానికి గుర్తు) ఉండాలంది. అంతకుముందు ఎం15తో కట్టడం మామూలు. ఎం15 భవనాన్ని ఎం20 కొలతతో తూచి పనికిరాదని రాయడం సరికాదు.

స్లాబు మాత్రమే పాడై, కాలమ్‌లు, బీమ్‌లు బాగుంటే ఒక్కో మడిగె ఖాళీ చేయిస్తూ స్లాబు మార్చుకోవచ్చు. మొత్తం ఖాళీ చేయించాల్సిన పనిలేదు, కోర్టు గొడవ ఉండదు. పాతదాన్ని నిలబెట్టుకోవచ్చనడానికి హైదరాబాద్‌లోనే రుజువుంది. 1935 నాటి మొజంజాహి మార్కెట్‌ను కూల్చకుండా బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. అది గ్రానైట్ రాతి కట్టడం, మన మడిగెలకు ఆ గట్టితనం లేదు. అయినా కూల్చడం ఒక్కటే దారి అనే ముందు పరీక్ష రిపోర్టు బల్ల మీద పెట్టమని అడిగే హక్కు కిరాయిదార్లకుంది.

మడిగె ఎవరిది

మున్సిపల్ లీజులకు ఉమ్మడి రాష్ట్రంలో 2011 ఫిబ్రవరిలో వచ్చిన జీవో 56 కీలకం. మూడేళ్లకోసారి రెన్యూవల్, ప్రతిసారీ పాత కిరాయిపై మూడో వంతు పెంపు లేదా మార్కెట్ కిరాయి, వీటిలో ఏది ఎక్కువైతే అది. మొత్తం 25 ఏళ్లు నిండితే బహిరంగ వేలం. మూడో వంతు అంటే చిన్నగా అనిపిస్తుంది గానీ, వెయ్యి రూపాయల కిరాయి ఎనిమిది రెన్యూవల్స్ తర్వాత, అంటే 24 ఏళ్లకు, దాదాపు పదివేలవుతుంది. చాలాచోట్ల ఈ పెంపు సకాలంలో జరగదు. మార్కెట్ కిరాయి పదివేలుండి మున్సిపాలిటీకి రెండు వేలే చేరుతుంటే, మధ్యలోని ఎనిమిది వేలు ఎవరి జేబులోకో పోతుంది. అసలు కిరాయిదారు వేరొకరికి ఇచ్చి ఊరికే కూర్చున్న మడిగెలు పుట్టేది ఈ తేడా నుంచే. పునర్నిర్మాణానికి అందరికంటే గట్టిగా అడ్డుపడేదీ వీళ్లే, ఎందుకంటే కొత్త లీజులో ఆ తేడా పోతుంది.

కాబట్టి మొదటి పని డిజైన్ కాదు, రిజిస్టర్. ఒక్కో మడిగెకు ఒక వరుస వేసి ఇవి రాసుకోవాలి: మొదటి లీజు ఎవరి పేరు మీద, ఏ తేదీన, ఇప్పుడు గల్లా మీద కూర్చునేది ఎవరు, కరెంటు సర్వీసు ఎవరి పేరు, ట్రేడ్ లైసెన్స్ ఎవరి పేరు, డిపాజిట్ ఎంత, బకాయి ఎంత. నాలుగు పేర్లూ కలిస్తే చిక్కు లేదు. కలవని చోటే పంచాయితీ. అన్నిటికంటే కష్టమైనది అన్నదమ్ముల మడిగె. తండ్రి పేరు మీద లీజు, ఆయన పోయాక మధ్యలో ప్లైవుడ్ గోడ పెట్టి చెరో ఐదడుగులు, ఒక పక్క మొబైల్ దుకాణం, ఇంకో పక్క గాజుల దుకాణం. రికార్డులో ఒక మడిగె, బయట రెండు సంసారాలు. కొత్త కాంప్లెక్స్‌లో వీళ్లకు వచ్చేది ఒక్కటే. వారసత్వ కాగితం, ఇద్దరి ఒప్పంద పత్రం కూల్చకముందే తీసుకోకపోతే ఈ ఒక్క మడిగె మీద వచ్చే స్టే మొత్తం పనిని ఆపుతుంది.

భవనం కూలితే లీజూ పోయినట్టే అనుకునే అధికారులున్నారు. 2014లో సుప్రీంకోర్టు దీనికి భిన్నంగా చెప్పింది. మున్సిపల్ కార్పొరేషన్ కూల్చేసిన ఒక భవనం కేసులో, లీజు గోడలకే కాక కింది నేలకూ వర్తిస్తుందని, భవనం పోయినంత మాత్రాన కిరాయి హక్కు దానంతటదే రద్దు కాదని తేల్చింది. ఇటు లీజు గడువే తీరిపోయిన వాళ్ల పరిస్థితి వేరు. వాళ్లను ప్రభుత్వ స్థలాల ఖాళీ చేయింపు చట్టం, 1968 కింద నోటీసిచ్చి, వాదన విని పంపవచ్చు. రెండు రకాల వాళ్లకూ ఒకే నోటీసు టైపు చేసి అంటిస్తే రెండో రకం వాళ్లు కూడా మొదటి రకం వాదనతో కోర్టుకు పోతారు.

25 ఏళ్లు దాటిన వాళ్లకు కొత్త కాంప్లెక్స్‌లో తొలి హక్కు ఇస్తామని కమిషనర్ నోటిమాటగా చెప్పడం చెల్లదు. నిబంధన వేలం అంటోంది కాబట్టి ప్రభుత్వం నుంచి ప్రత్యేక ఉత్తర్వు కావాలి. కౌన్సిల్ తీర్మానం కాపీ ఒక్కటే చేతికిచ్చి ఖాళీ చేయమంటే దుకాణదారు ఒప్పుకోకూడదు. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ అయితేనే చెల్లుతుంది. ఒప్పందంలో విస్తీర్ణంతో పాటు ఏ అంతస్తు, రోడ్డు ముఖం ఎన్నడుగులు, కిరాయి ఏ లెక్కన, ఎన్ని నెలల్లో అప్పగింత, ఆలస్యమైతే నెలకు ఎంత పరిహారం అన్నవన్నీ అంకెలతో ఉండాలి.

పది గుంటల జాగలో ఏం మిగులుతుంది

ఒక ఉదాహరణ వేసుకుందాం. పది గుంటలంటే 1,210 గజాలు, 10,890 చదరపు అడుగులు. రోడ్డు వైపు 110 అడుగులు, లోతు 99 అడుగులు అనుకోండి. పాత కట్టడంలో రోడ్డు పొడవునా పదడుగుల మడిగెలు పది, మధ్యలో వెనక వరుసకు పదడుగుల దారి. ముందు వరుసలో పదిమందికీ రోడ్డు ముఖం ఉంది.

కొత్త భవనానికి చుట్టూ ఖాళీ వదలాలి. ఎంత వదలాలన్నది 2012 నాటి జీవో 168 ప్రకారం జాగ విస్తీర్ణం, భవనం ఎత్తు, రోడ్డు వెడల్పుల మీద ఆధారపడుతుంది. పక్కలకు చెరో 11 అడుగులు అనుకుంటే 110లో 22 పోయి 88 మిగిలాయి. సెల్లార్ ర్యాంపు ముందు నుంచి దింపితే 12 అడుగులు. మెట్లు, లిఫ్టు, ప్రధాన ద్వారం కలిపి 16 అడుగులు. మిగిలింది 60. పది మడిగెలుండే చోట ఇప్పుడు ఆరు. కాంప్లెక్స్ మొత్తం మీద విస్తీర్ణం రెండింతలైందని ప్రకటనలో ఉంటుంది, రోడ్డు ముఖం మాత్రం నలభై శాతం తగ్గింది. రోడ్డు ముఖం పోగొట్టుకునే ఆ నలుగురు ఎవరన్నదే అసలు గొడవ, దాన్ని చివరిదాకా ఎవరూ పైకి అనరు.

తగ్గించుకునే దారులున్నాయి. ర్యాంపు, మెట్లు రెండూ ముందు భాగం నుంచి తీసి పక్కకో వెనక్కో పంపితే 28 అడుగులు తిరిగొస్తాయి. అంటే 88 అడుగులు, 11 అడుగుల చొప్పున ఎనిమిది మడిగెలు. వెడల్పును ఎనిమిదిన్నర అడుగులకు తగ్గించుకుంటే పదిమందీ ముందే పడతారు, మూడడుగులు గోడలకు మిగులుతాయి. షట్టర్ చిన్నదైనా రోడ్డు మీద ఉండటమే మేలని కిరాణా, చెప్పులు, గాజులు, మొబైల్ వాళ్లు ఒప్పుకుంటారు. బట్టల దుకాణానికి, ఎరువుల దుకాణానికి అది చాలదు. ఎవరికి ముఖం కావాలి, ఎవరికి లోతు కావాలి అని అడిగి డిజైన్ గీయడం ఆర్కిటెక్ట్ పని. నమూనా బొమ్మ తయారయ్యాక అడగడం వృథా.

భవనం లోతు 60 అడుగులు అనుకుంటే, ముందు 25 అడుగుల మడిగెలు, నడుమ పదడుగుల కారిడార్, వెనక 25 అడుగుల మడిగెలు వస్తాయి. కారిడార్‌లోకి తిరిగిన ఆ వెనక వరుసకు రోడ్డు నుంచి చూపు అందాలి. కారిడార్ రెండు కొసలూ తెరిచి ఉండి, ఒక చివర నుంచి చూస్తే రెండో చివర వెలుతురు కనిపిస్తే మనుషులు లోపలికి నడుస్తారు. ఒక చివర టాయిలెట్లతో మూసేస్తే ఆ వరుస గోదాములవుతుంది.

ఇప్పుడు డబ్బు. ఒక్కో అంతస్తు 88 బై 60, అంటే 5,280 చదరపు అడుగులు. చదరపు అడుగుకు రూ. 2,000 ఖర్చు, కిరాయికి పనికొచ్చే జాగ 65 శాతం, కిరాయి చదరపు అడుగుకు నెలకు కింద రూ. 50, మొదటి అంతస్తులో 20, రెండో అంతస్తులో 10 అనుకుందాం. ఇవి ఉదాహరణ అంకెలు, మీ ఊరి అంకెలు పెట్టి చూసుకోవచ్చు. ఒక అంతస్తు కట్టడానికి రూ. 1.056 కోట్లు. 9 శాతం వడ్డీకి ఏడాదికి దాదాపు తొమ్మిదిన్నర లక్షలు. కింది అంతస్తు కిరాయి ఏడాదికి 20.6 లక్షలు, మొదటి అంతస్తుది 8.2 లక్షలు, రెండోది 4.1 లక్షలు. కింది అంతస్తు వడ్డీ కట్టి అసలూ తీరుస్తుంది. మొదటి అంతస్తు నిండుగా ఉన్నా వడ్డీకి కొంచెం తక్కువ. రెండో అంతస్తు ఒక్క గది కూడా ఖాళీ లేకపోయినా వడ్డీలో సగం కూడా తేదు. ఖాళీగా ఉంటే కింది అంతస్తు సంపాదనను తింటుంది. ఎన్ని అంతస్తులు లేస్తే అంత ఆదాయమనే భ్రమ దగ్గరే మున్సిపాలిటీలు దెబ్బతింటాయి. పైన బ్యాంకు, ఎల్ఐసీ లాంటి ఆఫీసు, కోచింగ్ సెంటర్, డయాగ్నోస్టిక్ సెంటర్ ఏదైనా ముందే లీజు రాసిస్తేనే ఆ అంతస్తు వేయాలి. లేదంటే పునాది, కాలమ్‌లు ఆ బరువుకు తగ్గట్టు వేసి, స్లాబు మీద చువ్వలు పైకి వదలకుండా కప్లర్లతో (తర్వాత చువ్వలను కలిపే గొట్టాలు) మూసి ఆపేయడం మంచిది. బయట వదిలిన చువ్వలు పదేళ్లలో తుప్పుపట్టి తర్వాత పనికిరావు.

ప్రైవేటు డెవలపర్‌కు ఇచ్చి వాటా తీసుకునే పద్ధతిలోనూ ఇదే లెక్క. మున్సిపాలిటీకి 40 శాతం, డెవలపర్‌కు 60 శాతం అని చదరపు అడుగుల్లో రాస్తే, డెవలపర్ కింది అంతస్తు ముందు భాగం తీసుకుని రెండో అంతస్తు మున్సిపాలిటీకి అంటగడతాడు. పై ఉదాహరణలో మూడు అంతస్తుల కిరాయిలో 62 శాతం పైగా ఒక్క కింది అంతస్తుదే. వాటా కిరాయి విలువ మీద, ప్రతి అంతస్తులోనూ విడివిడిగా రాయాలి.

సెల్లార్ సంగతి

ర్యాంపు వాలు 1:8 మించకూడదు. పదడుగులు కిందికి దిగాలంటే 80 అడుగుల ర్యాంపు కావాలి. 99 అడుగుల లోతున్న జాగలో ఒక పక్క మొత్తం దానికే పోతుంది. పైగా మన నేల కింద రాయి. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో చాలాచోట్ల కొద్ది అడుగుల మన్ను తీయగానే గ్రానైట్ తగులుతుంది. బజారు మధ్యలో పేల్చలేరు. బ్రేకర్‌తో కొట్టాలి, లేదా రంధ్రాలు వేసి ఉబ్బే పొడి పోసి చీల్చాలి. టెండరులో మట్టి తవ్వకం రేటు మాత్రమే ఉండి రాయి బయటపడితే పని అక్కడే ఆగి అదనపు బిల్లు మీద వాదన మొదలవుతుంది. డిజైన్‌కు ముందు జాగ నాలుగు మూలలా, మధ్యలో బోర్ వేసి రాయి ఎంత లోతులో ఉందో చూసుకుంటే ఈ తంటా ఉండదు. రాయి పగుళ్ల నుంచి వానాకాలంలో నీళ్లు ఊరతాయి. సంప్, రెండు మోటార్లు (ఒకటి చెడితే ఇంకోటి) లేని సెల్లార్ మొదటి పెద్ద వానకే చెరువవుతుంది.

అసలు బస్టాండ్ దగ్గర గిరాకీ ఎక్కువగా బైక్ మీద వస్తుంది. పది నిమిషాల పనికి ఎవరూ సెల్లార్‌లోకి దిగరు. ఒక బైక్‌కు మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు చాలు. ముందు వదిలిన ఖాళీలో 88 అడుగుల పొడవునా ఒక వరుసకు పాతిక బైకులు పడతాయి. అది పోయి సెల్లార్ మీద ఆధారపడితే బైకులు రోడ్డు మీదే ఆగుతాయి, సెల్లార్ గోదామవుతుంది, అగ్నిప్రమాదం జరిగితే చిక్కుకునేది అక్కడే. నిబంధన అడిగే కార్ల పార్కింగ్ నేల మీద సర్దలేకపోతేనే సెల్లార్‌కు పోవాలి.

రెండేళ్లు ఎక్కడ అమ్ముకోవాలి

తాత్కాలిక షెడ్లు అదే రోడ్డు మీద, పాత చోటు కనిపించేంత దూరంలో ఉండాలి. కిలోమీటరు అవతల మున్సిపల్ ఖాళీ జాగ ఉందని అక్కడికి పంపితే గిరాకీ పక్క దుకాణానికి అలవాటు పడుతుంది, తిరిగి రాదు. షెడ్డు కొలత విషయంలో ఒక చిన్న లెక్క తప్పితే పెద్ద ఇబ్బంది. మెడికల్ షాపు డ్రగ్ లైసెన్సుకు కనీసం 10 చదరపు మీటర్లు కావాలి. పది బై పది అడుగుల షెడ్డు 9.3 చదరపు మీటర్లే. అందరికీ కాకపోయినా మందుల దుకాణాలకు పది బై పన్నెండు వేయాలి, ఫ్రిజ్‌కు కరెంటు ఉండాలి. పైగా ఆ లైసెన్సు చోటుకు కట్టుబడి ఉంటుంది కాబట్టి కొత్త చిరునామాతో మళ్లీ తీసుకోవాలి. షెడ్డు అప్పగించాక దరఖాస్తు చేస్తే లైసెన్సు వచ్చేదాకా షట్టర్ మూతే.

విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల లైసెన్సులకూ ఇదే తీరు. వ్యవసాయ శాఖలో చిరునామా మార్పు నమోదు కావాలి. వాళ్ల ఏడాది బేరంలో పెద్ద భాగం మే చివర నుంచి జులై లోపే అయిపోతుంది. ఆ రోజుల్లో ఖాళీ చేయమంటే ఒక ఏడు పోయినట్టే. బట్టలు, గాజులు, చెప్పుల వాళ్లకు బతుకమ్మ, దసరా, ఆ తర్వాత మాఘం నుంచి పెళ్లిళ్లు. అన్నీ చూసుకుంటే దీపావళి దాటాక, పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేలోపు తరలించడం అందరికీ తక్కువ నష్టం. జీఎస్టీ ఉన్నవాళ్లు చిరునామా మారిన 15 రోజుల్లో పోర్టల్‌లో సవరించాలి. కరెంటు సర్వీసును బకాయి తీర్చి విద్యుత్ పంపిణీ సంస్థకు రాసిచ్చి మార్పించుకోవాలి. మీటరు తీసేసి ఊరుకుంటే కనీస చార్జీలు పడుతూనే ఉంటాయి.

పాత మడిగెల అరుగుల మీద, ముందు పేవ్‌మెంట్ మీద పూలు, ఆకుకూరలు, పండ్లు అమ్మేవాళ్లను ఏ రిజిస్టర్‌లోనూ రాయరు. వాళ్ల కోసం 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. 30 రోజుల నోటీసు లేకుండా వాళ్లను తరలించకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది ఎన్నికైన వీధి వ్యాపారులే ఉండాలి. మడిగెల వాళ్లు వీళ్లను అడ్డంకిగా చూస్తారు గానీ, బైక్ ఆపి ఆకుకూర కొన్న మనిషే పక్క కిరాణాలో నూనె ప్యాకెట్ అడుగుతాడు. గజ్వేల్ తరహాలో పట్టణాల్లో సమీకృత శాకాహార, మాంసాహార మార్కెట్లు కట్టారు. సూర్యాపేటలో 2023 ఆగస్టులో అలాంటి పెద్ద మార్కెట్ ప్రారంభమైంది. వీటిలో మాంసం, చేపల విభాగానికి వేరే కాలువ, వేరే నీటి గొట్టం, రక్తం, పొలుసులు ఆగే జాలీ గుంత ఉన్నవి వాసన లేకుండా నడుస్తాయి. అది లేక ఒకే కాలువ కలిపిన చోట కూరగాయల వాళ్లు తిరిగి రోడ్డు మీదికొస్తారు. లోపలి విక్రేతను బతికించాలంటే బయట రోడ్డు మీద అదే సరుకు అమ్మకం ఆగాలి, బైక్ లోపలి దాకా రావాలి. ఈ రెండూ లేకుండా గద్దెలు ఎంత బాగా కట్టినా ఖాళీయే.

అరుగు ఎత్తు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తారు మీద తారు వేస్తూ పోవడంతో రోడ్డు పెరిగి పాత మడిగెలు గుంటలో పడ్డాయి, వాన నీళ్లు లోపలికొచ్చాయి. ఆ భయంతో కొత్త కాంప్లెక్స్‌లను మూడడుగుల ఎత్తులో కడుతున్నారు. ముసలివాళ్లు ఐదారు మెట్లెక్కి అగ్గిపెట్టె కొనరు. అడుగున్నర ఎత్తు చాలు, చక్రాల కుర్చీకి 1:12 వాలుతో 18 అడుగుల ర్యాంపు పడుతుంది. రోడ్డు మళ్లీ వేసేటప్పుడు పాత పొర గీకి తీసి వేయాలని మున్సిపాలిటీ తన రోడ్ల టెండర్లలో రాసుకుంటే సమస్య మూలంలోనే పోతుంది.

అప్పగింత

మడిగెల కేటాయింపు లాటరీలో రెండు డబ్బాలుండాలి: పాత ముందు వరుస వాళ్లకు కొత్త ముందు వరుస, పాత వెనక వరుస వాళ్లకు మిగిలినవి. అందరినీ ఒకే డబ్బాలో వేస్తే పాతికేళ్లు రోడ్డు మీద కూర్చున్న మనిషి కారిడార్ చివరికి పోతాడు, కేసు అక్కడి నుంచి మొదలవుతుంది. మూల మడిగెలను, రెండు వైపులా ముఖం ఉన్నవాటిని లాటరీ నుంచి తీసి వేలం వేస్తే మున్సిపాలిటీకి మంచి డబ్బొస్తుంది, పాతవాళ్లలో ఎవరికీ అన్యాయం జరగదు.

మొత్తం కాంప్లెక్స్‌కు కాంట్రాక్టర్ ఒకటే పెద్ద కరెంటు కనెక్షన్ తీసుకుని లోపల సబ్ మీటర్లు పెడతానంటే ఒప్పుకోవద్దు. ఒకరి బకాయికి అందరి కరెంటు పోతుంది. మడిగెకో సర్వీసు, లిఫ్టుకు, మోటార్లకు, కారిడార్ లైట్లకు వేరే సర్వీసు కావాలి. వాణిజ్య భవనం 15 మీటర్ల ఎత్తు దాటితే అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ) తప్పనిసరి. అది లేకుండా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాదు.

ఫైనల్ బిల్లుకు ముందు పై స్లాబు మీద నీటి గొట్టాలు మూసి రెండంగుళాల లోతున మూడు రోజులు నీళ్లు నిలపాలి. కింద ప్రతి మడిగెలో స్లాబు అడుగును, గొట్టాలు దిగే మూలలను కిరాయిదారు సమక్షంలో చూసి సంతకాలతో రాసుకోవాలి. చెమ్మ కనిపించిన చోటు బాగయ్యేదాకా ఆపిపెట్టిన సొమ్ము విడుదల చేయకూడదు. ఆ తర్వాత కూడా ఒక వానాకాలం పూర్తిగా గడిచేదాకా కాంట్రాక్టర్ డిపాజిట్‌లో కొంత భాగం మున్సిపాలిటీ దగ్గరే ఉండాలి.